బస్సు ఎందుకు ఆగింది?

నేను మీ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పే టీచర్‌ని. మొంథా తుఫాను సెలవుల తర్వాత స్కూల్ తెరిచిన వారంలో సెవెంత్ క్లాస్‌కు చిన్న యాక్టివిటీ ఇచ్చాను. తుఫాను వచ్చినప్పుడు మనకు ఎవరెవరు సాయం చేస్తారో ఇంగ్లిష్‌లో లిస్టు రాసి, ఒక్కొక్కరి గురించి రెండేసి వాక్యాలు చెప్పాలి. పోలీసులు, డాక్టర్లు, ఎన్డీఆర్ఎఫ్, కరెంటు వాళ్లు, ఆర్మీ అని చకచకా రాశారు. నేను బోర్డు మీద "ఆర్టీసీ, రైల్వే" అని కలిపాను. వెంటనే వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి లేచి, "వాళ్లు బస్సులు, రైళ్లు ఆపేశారు కదా మేడం, ఆపేస్తే అది హెల్ప్ ఎలా అవుతుంది?" అన్నాడు.

మంచి ప్రశ్న. బెల్ కొట్టేలోపు సగమే చెప్పగలిగాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఆ ప్రశ్న ఇంటి దగ్గర మిమ్మల్నీ అడిగే ఉంటారు.

ముందుగా ధనుష్కోడి సంగతి. 1964 డిసెంబర్ 22 రాత్రి పెను తుఫానులో పాంబన్ నుంచి ధనుష్కోడి వెళ్తున్న పాసింజర్ రైలును సముద్రపు అల ముంచేసింది. వందమందికి పైగా ప్రయాణికులు పోయారు. తర్వాతి కాలంలో పాంబన్ పాత వంతెన మీద గాలి వేగం గంటకు 58 కిలోమీటర్లు దాటితే సిగ్నల్ దానంతటదే ఎర్రగా మారే ఏర్పాటు చేశారు. పిల్లలకు ఇది చెప్పాక క్లాసు కాసేపు నిశ్శబ్దమైంది. రైలు ఆపడం కూడా ఒకరు కూర్చుని తీసుకునే నిర్ణయమని, దాని వెనక అలాంటి రాత్రులు ఉన్నాయని వాళ్లకు మొదటిసారి తట్టినట్టుంది.

మనవైపు కూడా తుని, అనకాపల్లి మీదుగా పోయే లైనులో వానాకాలం రాత్రుళ్లు రైల్వే కార్మికులు లైటు పట్టుకుని పట్టాల వెంట నడుస్తారు. ఎక్కడైనా కట్ట జారిందా, కంకర కదిలిందా అని చూడటమే వాళ్ల పని. ఏసీ బోగీలో దుప్పటి కప్పుకుని పడుకున్న మనకు వాళ్లు కనిపించరు. 2024 సెప్టెంబర్ 1న మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య వరదకు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడిన ఫొటోలు మీరు చూసే ఉంటారు. రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి, వందలమంది కార్మికులు రాత్రీపగలూ పనిచేశారు. నాలుగో తేదీకల్లా ఆ దారిలో మళ్లీ రైలు కదిలింది.

ఇక హుద్‌హుద్. అప్పుడు నేను ఇంటర్ చదువుతూ విశాఖలో హాస్టల్‌లో ఉండేదాన్ని. 2014 అక్టోబర్ 12, ఆదివారం. మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా ఆగిపోతే తుఫాను వెళ్లిపోయిందనుకుని కొందరం వరండాలోకి వచ్చాం. వార్డెన్ అరిచి లోపలికి తోశారు. తుఫాను కన్ను దాటాక గాలి రెండోవైపు నుంచి మళ్లీ మొదలైంది. మరునాడు చూస్తే నగరంలో నిలబడిన చెట్టు కోసం వెతుక్కోవాలి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయింది, 17వ తేదీ దాకా విమానం లేదు.

ఆ రోజుల్లో నేను గమనించినది ఒకటుంది. సాయం ఎంత ఉన్నా రోడ్డు తెరుచుకునే దాకా అది ఎక్కడో ఆగి ఉంటుంది. ముందు మర రంపాలు, జేసీబీలు వచ్చాయి. ఆ వెనక డీజిల్ ట్యాంకర్, పాల వ్యాన్, కరెంటు స్తంభాల లారీ. బస్సు వచ్చాకే మాలాంటి వాళ్లు కదలగలిగాం. బుధవారం నాకు నర్సీపట్నం బస్సు దొరికింది. సగం కిటికీలకు అద్దాలు లేవు. అనకాపల్లి దాకా రోడ్డుకు రెండు పక్కలా కోసి నెట్టిన మొద్దులే. డ్రైవర్ ఎక్కడా హారన్ కొట్టలేదు, చెట్లు నరికేవాళ్లు పక్కకు తప్పుకునే దాకా ఓపిగ్గా ఆగాడు.

ఇంటికి వచ్చాక తెలిసింది, మా నాన్న సోమవారం నుంచి రోజూ ఊరి నుంచి నర్సీపట్నం ఆర్టీసీ కాంప్లెక్స్‌కు వచ్చి కూర్చునేవారట. విశాఖ వైపు నుంచి వచ్చిన ప్రతి డ్రైవర్నీ, కండక్టర్నీ "బాబూ, హాస్టళ్ల వైపు ఎలా ఉంది, పిల్లలు బాగున్నారా?" అని అడిగేవారట. ఆయన ఒక్కరే కాదు, అక్కడ చాలామంది తండ్రులు ఉన్నారట. ఫోన్లు పనిచేయని ఆ మూడు రోజులూ టికెట్ కొట్టే మనిషే వార్త తెచ్చే మనిషి.

బస్సులు "ఆపేశారు" అంటాం గానీ అన్నీ ఆగవు. తుఫాను హెచ్చరిక రాగానే జిల్లా యంత్రాంగం బస్సులు అడుగుతుంది. మన జిల్లాలో పాయకరావుపేట, నక్కపల్లి, రాంబిల్లి లాంటి తీర మండలాల జనాన్ని పునరావాస కేంద్రాలకు చేర్చాలంటే వాహనాలు కావాలి. కోళ్లనూ మేకలనూ వదిలి రామనే ముసలమ్మలను ఒప్పించి ఎక్కించాలి. ఇదంతా గాలి మొదలు కాకముందే జరగాలి. తర్వాత బస్సులను చెట్లు, హోర్డింగులు లేనిచోట నిలపాలి. మర్నాడు నడవాల్సినవి అవే కదా!

రవాణా సంస్థల సాయం తుఫానులకే పరిమితం కాదని చెప్పడానికి క్లాసులో ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ కథ కూడా చెప్పాను. 2021 ఏప్రిల్‌లో కోవిడ్ రెండో వేవ్‌లో మహారాష్ట్రకు ఆక్సిజన్ కావాలి. అది మన విశాఖ స్టీల్ ప్లాంటులో ఉంది. ముంబై దగ్గరి కలంబోలి నుంచి ఖాళీ ట్యాంకర్ లారీలను రైలు వ్యాగన్ల మీద ఎక్కించి విశాఖకు తెచ్చి, నింపి, 22వ తేదీన వెనక్కి పంపారు. మొత్తం ఏడు ట్యాంకర్లు. మా పిల్లలకు బాగా నచ్చింది దాని వెనక ఉన్న లెక్క. వ్యాగన్ ఎత్తు 1,290 మిల్లీమీటర్లు, లారీ ఎత్తు 3,320. రెండూ కలిపితే వచ్చే ఎత్తు సొరంగాల్లో, పైనున్న కరెంటు తీగల కింద పట్టాలి. పట్టే దారి వెతికితే దూరం 1,850 కిలోమీటర్లు అయింది. దగ్గర దారి ఉన్నా చుట్టు తిరిగారు. "కూడిక తప్పితే ఏమయ్యేది మేడం?" అని ఒకమ్మాయి అడిగింది. ఆ ప్రశ్న మీ మ్యాథ్స్ సార్‌కు వదిలేశాను.

ఇప్పుడు మన స్కూల్ బస్సుల దగ్గరకు వస్తాను. అసలు ఇది రాయడానికి కారణం అదే. నర్సీపట్నానికి రైలు లేదు. నర్సీపట్నం రోడ్ స్టేషన్‌లో దిగినా ఇంకా రోడ్డు మీద రావాల్సిందే. పైన చింతపల్లి ఘాట్, కింద వరాహ నది, మధ్యలో ఊరూరా గెడ్డలు. పైన కొండల్లో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే గెడ్డ పొంగుతుంది. కాజ్‌వే మీద అడుగు లోతు నీటి వేగం చిన్న కారును పక్కకు తోసేయగలదు. రెండడుగులైతే పెద్ద బండ్లకే ముప్పు. కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో బురద నీటిలో డ్రైవర్‌కు కనిపించదు.

అయినా వాన రోజు పొద్దున్నే మా ఆఫీసుకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇలా ఉంటాయి: "ఫీజు కట్టాం కదా, బస్సు ఎందుకు రాలేదు?" "ఆటోలు దాటుతున్నాయి, మీ బస్సుకేమైంది?" మీ ఇబ్బంది తెలియక కాదు, ఇద్దరూ ఉద్యోగానికి వెళ్లే ఇళ్లలో అది పెద్ద సమస్యే. కానీ ఆ ఫోన్ చివరికి చేరేది స్టీరింగ్ దగ్గరున్న మనిషికి. గెడ్డ ఒడ్డున ఆగిన డ్రైవర్ చెవిలో కంప్లైంట్ మాట ఉండకూడదు, వెనక నలభైమంది పిల్లలు ఉన్నారన్న సంగతి ఒక్కటే ఉండాలి. ఆయన బండి వెనక్కి తిప్పితే ఆ రోజుకు ఆ నిర్ణయాన్ని మనందరం ఒప్పుకుందాం. పోయిన క్లాసు మేం మళ్లీ చెబుతాం.

మీ నుంచి ఒక సాయం కూడా కావాలి. మీ రూటులో నీళ్లు ముందుగా ఎక్కే చోటు ఏదో మాకంటే మీకే, మీకంటే మీ ఇంట్లో పెద్దవాళ్లకే బాగా తెలుసు. పిల్లల డైరీలో ఆ చోటు పేరు, వాన రోజు బస్సు అక్కడిదాకా రాలేకపోతే పిల్లను తీసుకోవడానికి ఎవరు రాగలరో రాసి ఈ నెలాఖరులోగా పంపండి. సెవెంత్ క్లాస్ వాళ్లు చార్టు మీద రూటు మ్యాపు గీయడం మొదలుపెట్టారు. ఇప్పటికి పదకొండు గెడ్డలు గుర్తుపెట్టారు. రెండింటి గురించి మాత్రం అది గెడ్డా, పంట కాలువా అని తగువు నడుస్తోంది.