ఘట్టకుటీ ప్రభాతం

సుంకం ఎగవేయాలని రాత్రంతా అడ్డదారులు తిరిగిన వర్తకుడు తెల్లవారేసరికి సుంకరి పాక ముందే తేలాడట. దానినే ఘట్టకుటీప్రభాతన్యాయమన్నారు. ఎగవేసే తలంపే లేనివాడు కూడా ఆ పాక ముందు పడిగాపులు కాయవలసి వస్తుందని ఆ న్యాయం చెప్పదు.

మా పినతండ్రి కుమారుడు మాచర్లవాడు. ఉద్యోగం ఫ్లోరిడాలో, వ్యసనం నాలుగు సీట్ల సెస్నా విమానం. ఒక వేసవిలో నన్ను బహామాస్ దీవులకు తీసుకువెళ్ళాడు. వెళ్ళడం సులువే; తంతు అంతా తిరిగి రావడంలోనే. బయలుదేరడానికి కనీసం 60 నిమిషాల ముందు మా ఇద్దరి వివరాలూ ఆన్‌లైనులో అమెరికా ప్రభుత్వానికి పంపాలి. 2009 నుంచి ఇది తప్పనిసరి. దిగబోయే విమానాశ్రయంలోని సుంకాధికారులకు మన రాక వేళను ముందే తెలపాలి. ఇష్టమైన చోట దిగడానికి లేదు. తప్పితే పైలటుకు 5,000 డాలర్ల జరిమానా పడవచ్చు.

ఇవన్నీ సబబే. చిక్కల్లా మబ్బులతోనే. అక్కడ వేసవి మధ్యాహ్నాలు ఉరుముల మబ్బులు లేస్తాయి. చిన్న విమానం వాటిని చుట్టి పోవాలి, లేదా వెనుదిరగాలి. ఆనాడు మా ఎదుట మబ్బు నల్లని గోడ కట్టింది.

“చుట్టి పోతే చెప్పిన వేళకు అందుకోలేం అన్నయ్యా” అంటూ తమ్ముడు గడియారం వంక చూశాడు. నాకు మబ్బును చూసి కాదు, ఆ చూపును చూసి భయం వేసింది.

“జరిమానా పడితే నేను కడతాను. తిప్పరా!” అన్నాను.

తిప్పాడు. ఆలస్యం సంగతి సుంకాధికారులకు చేరవేయమని రేడియోలో కంట్రోలర్లను కోరాడు.

దిగాక అధికారి వచ్చేదాకా విమానంలోంచి కదలకూడదు. నలభై నిమిషాలు! పంకా ఆగిపోయిన ఆ రేకుడబ్బాలో రెంటచింతల రోహిణీ కార్తె ఎండ జ్ఞాపకం వచ్చింది. మా తాతగారూ జ్ఞాపకం వచ్చారు. 1948కి ముందు కృష్ణకు ఇవతల పొందుగల మనది, అవతల వాడపల్లి నిజాముది. ఏరు దాటే సరుకును నిజాం కరోడ్‌గిరీ వారు ఆపి సుంకం కట్టించుకునేవారు. “ఆపితే ఏముందిరా, ఎడ్లను విప్పి మేత వేసుకునేవాళ్ళం” అనేవారాయన. గాలిలో ఉన్నవాడు ఎడ్లను ఎక్కడ విప్పగలడు?

అధికారి వచ్చాడు. ఆలస్యమెందుకైందని అడిగాడు. సుంకరి వద్ద సుఖదుఃఖాలు చెప్పుకున్నట్లు తమ్ముడు మబ్బు సంగతి చెప్పబోయాడు. ఆయన వినకుండానే పాసుపోర్టులు తిరగేసి పంపేశాడు. నాలుగు నిమిషాల పని. జరిమానా లేదు.

ఇప్పుడు తమ్ముడు తెల్లవారుజామునే అక్కడ బయలుదేరి, మబ్బు లేవకముందే వచ్చి పడుతున్నాడు. ఎండలో కాచుకోవడం మాత్రం తప్పడం లేదట.