ఎవరు ఎవర్ని ఓర్చుకోవాలి?

'ఇమ్యూన్ టాలరెన్స్' అన్నదాన్ని తెలుగు చెయ్యమంటే మనకి వెంటనే తోచే మాట 'సహనం'. మన కథల్లో ఈ మాటకి చాలా బరువుంది. ఒకరు బాధపెడుతుంటే ఇంకొకరు పళ్ళబిగువున భరించడం. భరించేది ఎక్కువగా ఆడవాళ్ళే. శరీరంలో జరిగేది అది కాదు. అక్కడ టాలరెన్స్ అంటే నొప్పిని దిగమింగడం కాదు, ఒకదాన్ని శత్రువుగా చూడకపోవడం. మిగతా శత్రువుల మీద మాత్రం ఎప్పట్లాగే ఓ కన్నేసి ఉంచడం.

1953లో పీటర్ మెడవర్, బిల్లింగ్‌హామ్, బ్రెంట్ కలిసి ఇంకా పుట్టని ఎలుక పిల్లల్లోకి వేరే వంశపు ఎలుక కణాలని ఎక్కించారు. పెద్దయ్యాక ఆ ఎలుకలు ఆ వంశపు చర్మాన్ని అతికిస్తే తమదిలాగే ఉంచుకున్నాయి. మూడో వంశపు చర్మాన్ని మాత్రం తోసేశాయి. అంటే 'నాది', 'పరాయిది' అన్న తేడా మొదట్నించీ రాసిపెట్టి ఉన్నది కాదు, శరీరం నేర్చుకునేది. 1960లో మెడవర్‌కి, బర్నెట్‌తో కలిపి, నోబెల్ వచ్చింది.

ఇవన్నీ నేను ఊరికే కుతూహలం కొద్దీ చదివినవి కావు. ఏడాదిన్నర క్రితం మా అక్కకి ఎక్యూట్ మైలాయిడ్ లుకేమియా అని తేలింది. తోబుట్టువుల మధ్య హెచ్.ఎల్.ఏ. పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. మాకు కలిసింది. మూలుగ ఇవ్వడమంటే ఎముకలోకి సూది దించుతారని అమ్మ హడలిపోయింది గానీ, నాకు జరిగింది అది కాదు. నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు, నడుం విరిగిపోతున్నట్టు నొప్పులు, తర్వాత ఓ పూట మెషీన్ పక్కన పడుకోవడం. అంతే. బి పాజిటివ్ అక్క కొన్ని నెలలకి ఓ పాజిటివ్ అయింది. అది నా గ్రూపు.

కిడ్నీ మారిస్తే ఇల్లు అతిథిని ఒప్పుకోవాలి. మూలుగ మారిస్తే వ్యవహారం తిరగబడుతుంది. లోపలికి వెళ్ళేదే కాపలాదళం కాబట్టి, ఒప్పుకోవలసింది అతిథి. నా కణాలు ఒప్పుకోలేదు. అక్క అరచేతులు ఎర్రగా కందిపోయి, పొట్టు లేచాయి. గ్రాఫ్ట్ వర్సెస్ హోస్ట్ అన్నారు. వీడియో కాల్‌లో చేతులు చూపించి, "ఏరా, చిన్నప్పటి కసంతా ఇప్పుడు తీర్చుకుంటున్నావా?" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

"ఆ గొడవ మొత్తం ఆపెయ్యలేరా?" అని డాక్టరుగారిని అడిగాను. మరీ ముదరకుండా చూస్తామనీ, పూర్తిగా నోరు నొక్కేస్తే మనకే నష్టమనీ అన్నారాయన. అచ్చుగుద్దినట్టుండే కవలల మధ్య మూలుగ మారిస్తే ఈ గొడవ దాదాపు ఉండదు. కానీ వాళ్ళలోనే లుకేమియా తిరగబెట్టడం ఎక్కువ. అక్క చర్మాన్ని పరాయిదనుకునే చూపే, ఎక్కడో మిగిలి దాక్కున్న కేన్సర్ కణాన్నీ పరాయిదని పట్టుకుంటుంది. రెంటినీ విడదీయడం కోసమే ఇన్నేళ్ళుగా ఇంత పరిశోధన.

ఆ రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు. తోడబుట్టినవాళ్ళు ఒకేలా ఉండాలని, గొడవపడకూడదని మనం ఎంత గట్టిగా కోరుకుంటాం! అక్క బతకడానికి మాత్రం మా ఇద్దరి మధ్య కాస్త తేడా కావలసివచ్చింది.

కిడ్నీ తీసుకున్నవాళ్ళలో చాలామంది జీవితాంతం మందులు వాడుతూనే ఉండాలి. మూలుగ తీసుకున్నవాళ్ళలో చాలామందికి నెమ్మదిగా తగ్గించి ఆపెయ్యగలుగుతారు. కణాలు ఆ ఇంటి పద్ధతులు నేర్చుకుంటాయి. అక్కకి సైక్లోస్పోరిన్ ఆపి మూడు నెలలైంది. అరచేతులు మామూలుగానే ఉన్నాయి, ఇప్పటికి. చిన్నప్పుడు వేసిన టీకాల జ్ఞాపకం చెరిగిపోయిందట, మళ్ళీ మొదట్నించీ వేస్తున్నారు. నలభైకి దగ్గరపడుతున్న మనిషి పసిపిల్లల వరసలో కూర్చుని చెయ్యి చాపుతోంది.