వెనుకబండి

ఎద్దులను కొనువాడు పండ్లు చూచి, సుళ్లు చూచి, నడక చూచి కొనును. ట్రాక్టరు కొనువాడు అశ్వబలమెంతయో, నూనె యెంత త్రాగునో నలుగురి నడిగి కొనును. దాని వెనుక కట్టబడు బండిని గూర్చి అడుగువాడు మాత్రము మాకింతవఱకు కనబడలేదు. అది తనంతట నడువదు గదా, లాగినచోటికి వచ్చును గదా యని యందఱి నమ్మకము. వచ్చుమాట నిజమే. కాని అదియు తన బరువుతో, తన తొందరతో వచ్చుననుట మొదటిసారి తోలువానికి తెలియదు. తెలియునప్పటికి ఒక్కొక్కప్పుడు ఆలస్యమగును.

అనకాపల్లివారికి బండి క్రొత్త గాదు. బెల్లపు బజారునకు పేరుపడిన యూరు. 1913లో చెఱకు పరిశోధనకై క్షేత్రము నెలకొల్పబడిన యూరు. గోవాడ, తుమ్మపాల మిల్లులకు చెఱకుబండ్లు బారులు తీఱి పోయిన దినములు మా తరమువారు కన్నులార చూచినవే. ఎద్దుబండ్లు తగ్గి ట్రాక్టర్లు వచ్చినవి. వాని వెనుక ట్రక్కు అని మనవారు పిలుచు తొట్టిబండి వచ్చినది. చెఱకు మోసిన ట్రక్కే మాఘపూర్ణిమ వచ్చునప్పటికి కుటుంబమును మోయును. పైన వెదురుబద్దలు వంచి, టార్పాలిను కప్పి, క్రింద గడ్డి పఱచి, బిందెలు, బియ్యము, పొయ్యి, పిల్లలు, ముసలివారు, అన్నియు, అందఱును ఒక్క తొట్టిలో చేరి పూడిమడకకో, రేవుపోలవరమునకో సముద్రస్నానమునకు బయలుదేఱుదురు. రాత్రి తీరమున బస, తెల్లవాఱి స్నానము.

ఇంగ్లండులో 1885లో గోర్డన్ స్టేబుల్స్ అను వైద్యుడు వినోదయాత్రకై గుఱ్ఱములు లాగు ఇంటిబండి నొకదానిని చేయించుకొని దేశము తిరిగెననియు, 1907లో అట్టి బండ్లవారు సంఘముగా నేర్పడిరనియు చదివినప్పుడు, మన రైతు కుటుంబములు ఏ పేరును పెట్టుకొనకయే ఆ పని చేయుచున్నవి గదా యని మాకు నవ్వు వచ్చినది. పేరు లేకున్న నష్టము లేదు. సంఘము లేకపోవుటచే మాత్రము ఒక నష్టమున్నది: తెలిసినవాడు తెలియనివానికి చెప్పు నేర్పాటు లేదు. ఎవని తప్పులు వాడే క్రొత్తగా చేయవలసియున్నది.

ఒక మాఘమున మా వీధిలోని యొక కుటుంబము ఇట్లే పూడిమడకకు సిద్ధపడెను. ఇంటి పెద్దకుమారుడు ఆ పంటకే ట్రాక్టరు కొన్నవాడు. పొలములో చక్కగా దున్నును. రోడ్డుమీద బరువు లాగినవాడు కాడు. పయనము పదునలుగురిది. ముందునాటి సాయంకాలము సామాను సర్దుచుండగా చూడబోయితిమి. ఆ యింటికి ఎదుటనే ఒక వృద్ధుడున్నాడు. ఎనుబది యేండ్లు దాటినవి. నలుబదియేండ్లు చెఱకుబండి తోలినవాడు. ఆయనయు కఱ్ఱ పట్టుకొని వచ్చి నిలిచెను. రెండువందల లీటర్ల నీళ్లపీపాను, దింపుటకు వీలుగా నుండునని, ట్రక్కు వెనుక తలుపు నానించి పెట్టియుండిరి. దాని ప్రక్కనే బియ్యపు బస్తాలు. ముందు భాగమున మెత్తగా గడ్డి, దిండ్లు.

"ఒరే నాయనా, కాడి లేపేస్తావేటిరా?" అనెను వృద్ధుడు.

"కాడెక్కడుంది తాతా, హుక్కు కదా!" అని కుఱ్ఱవాడు నవ్వెను.

"హుక్కైతే ఏటి, కాడైతే ఏటి? ఎనక బరువైతే కాడి లెగుస్తాది, పట్టెడ పీకకి పడతాది. ముందు బరువైతే ఎద్దు మోకాళ్ల మీద పడతాది. ఎద్దు మెడ మీద సెయ్యేసినట్టుండాల బరువు. తెలిసిందా? మేష్టారూ, మీరైనా సెప్పండి."

మేము చెప్పవలసినది కొంచెమే మిగిలినది. పాశ్చాత్యులు తమ యాత్రాబండ్లను గూర్చి వ్రాసికొన్న శాస్త్రమంతయు ఆ వృద్ధుని చేతిబరువులో నున్నది. మోటారుకారు వెనుక బండి కట్టునపుడు బండి మొత్తపు బరువులో నూటికి 5 మొదలు 7 వంతులు కొక్కెముపై పడవలెనని ఇంగ్లండువారి లెక్క. అమెరికావారు 10 మొదలు 15 వంతులవఱకు పోవుదురు. అనగా వేయి కిలోల బండి యైనచో కొక్కెముమీద ఏబది కిలోలకు తక్కువ పడరాదు. అంతకు తగ్గి, బరువు ఇరుసునకు వెనుకనున్నయెడల, వేగము పెరిగిన కొలది వెనుకబండి పాము తోకవలె ఇటునటు కొట్టుకొనును. ఆ సమయమున భయపడి బ్రేకు గట్టిగా త్రొక్కుటయు, చక్రమును ఎదురు త్రిప్పుటయు క్రొత్తవారి స్వభావము, రెండును ప్రమాదకరములే. కాలు నెమ్మదిగా తీసి, చక్రమును తిన్నగా పట్టి, బండి తనంతట నెమ్మదించువఱకు ఓర్వవలెను.

ట్రాక్టరు అంత వేగముగ పోదు గనుక దానికి తోక ఊపుకన్న వేఱు చిక్కు లున్నవి. రెండు చక్రముల ట్రక్కులో వెనుక బరువైనచో కొక్కెము పైకి లేచి ట్రాక్టరు పెద్దచక్రములకు నేలపై పట్టు తగ్గును. బ్రేకు వేసినను జాఱును. ముందు మితిమీఱినచో కొక్కెము క్రిందికి నొక్కబడి ట్రాక్టరు ముందుచక్రములు తేలికపడును. స్టీరింగు త్రిప్పినను మాట వినదు. ఎత్తు ఎక్కునపుడు ముందు భాగము లేచిపోవుటయు నిందువలననే. మఱికొందఱు సౌకర్యముగా చేతికందునని పైకొక్కెమునకే బండి కట్టుదురు. లాగు చోటు ఎంత పైకి పోయిన, ట్రాక్టరు వెనుకకు తిరుగబడు నపాయము అంత దగ్గఱకు వచ్చును. తయారుచేసినవారు క్రింద కొక్కెము పెట్టినది అందము కొఱకు గాదు.

పిన్ను మాట యెత్తిన మాకు కోపము వచ్చును. పిన్ను క్రింద, అది ఎగిరిపడకుండ, ఒక చిన్న చీల యుండవలెను. అది పోయినచోట నూటికి ఎందఱో ఇనుపతీగ చుట్టుదురు, లేదా మేకు వంచి పెట్టుదురు. ట్రాక్టరు కొన్ననాడు పసుపు పూసి, కుంకుమ పెట్టి, నాలుగు చక్రముల క్రింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించిరి. చీల మాత్రము అంగడిలో దొరకినను తేలేదు. పిన్ను ఊడినను బండి విడిపోకుండ అడ్డముగా గొలుసు కట్టుట మఱియొక రక్షణ. అదియు నీ యింట లేదు. పొలమున మలుపు తిరుగుటకు వీలుగా ట్రాక్టరునకు కుడి యెడమల బ్రేకులు వేఱువేఱుగ నుండును. రోడ్డెక్కునపుడు ఆ రెంటిని గొళ్లెముతో కలుపవలెనని కుఱ్ఱవానికి ఎవ్వరును చెప్పలేదు. ఒక్క బ్రేకు త్రొక్కిన ట్రాక్టరు ఒకప్రక్కకు తిరుగును, వెనుకనున్న బరువు ఆగక త్రోసి రెంటిని కత్తివలె మడుచును. దిగుడులో నూనె కలిసివచ్చునని న్యూట్రలులో వదలుట మఱియొక మహాపాపము. అపుడు ఇంజను పట్టు పోయి, భారమంతయు బ్రేకుమీదనే పడును.

ఎద్దుబండి తోలువాడు రాత్రిపూట ఇరుసుక్రింద లాంతరు కట్టువాడు. నేటి ట్రక్కు వెనుక దీపము లేదు. ఉన్న యెఱ్ఱపలక బురదతో కప్పబడియుండును. అచ్యుతాపురము దారిని రాత్రింబవళ్లు కర్మాగారముల లారీలు తిరుగుచున్నవి. చీకటిలో నిలిచిన ట్రక్కు ఆ లారీవానికి కనబడునప్పటికి మిగులు దూరమెంత?

ఇక బస. 1830-31 సంవత్సరములలో చెన్నపట్టణమునుండి కాశికి పోయి, తూర్పుతీరపు దారినే తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారు ప్రతి మజిలీయందును నీరు, నీడ, అంగళ్లు ఎట్లున్నవో వెనుకవచ్చువారికై వ్రాసి పెట్టిరి. మనవారు మజిలీలో మొదట చూచునది సముద్రము కనబడునా లేదా యని. ఆ దృశ్యము కొఱకు బండిని నీటియంచునకు తోలుదురు. పూర్ణిమనాడు పోటు మామూలు దినములకన్న మిన్నగా నుండుననుట చెప్పనక్కఱలేదు. ఆటునందు చూచి వేసిన బస పోటు వచ్చునప్పటికి నీటిలో నుండును. తడిసిన యిసుకలో చక్రము దిగినచో, మఱియొక ట్రాక్టరు వచ్చి లాగవలెను. గట్టినేలమీద, చదునుగా, పోటుగుఱుతునకు బాగుగ పైన నిలుపవలెను. విడదీయకముందే చక్రములకు ముందును వెనుకను ఱాళ్లు పెట్టవలెను; విడదీసినపిదప పెట్టుదమనుకొన్నవాని కాలిమీదనే బండి దొర్లును. నిమ్మకాయ పెట్టిన చేతులకు ఱాయి బరువా? రెండు చక్రముల ట్రక్కు విడదీసినచో నొగక్రిందను, వెనుకను దిమ్మెలు పెట్టనిదే, పిల్లలు నలుగురు వెనుక నెక్కగానే తొట్టి తలక్రిందులగును. పొయ్యి గాలికి దిగువగా నుండవలెను. మీద టార్పాలిను, క్రింద ఎండుగడ్డి యుండగా రవ్వ యొక్కటి చాలును.

ఇవన్నియు పురుషులు తర్కించుచుండగా ఒక ప్రశ్న ఎవ్వరును వేయలేదు. ఆ పదునలుగురిలో ఎనమండ్రు స్త్రీలు. రాత్రి వారెక్కడికి పోవలెను? స్నానానంతరము తడిబట్టలు ఎక్కడ మార్చుకొనవలెను? మేమడుగగా ఇంటి కోడలు తల వంచుకొని, "ప్రతియేడూ చీకటిపడేదాకా నీళ్లు తాగం మేష్టారూ" అనెను. బస వేయువాడు చోటును వెదకునపుడు ముందు ఆమె నడిగినచో సగము తప్పులు జరుగవు. ఒక టార్పాలినును, నాలుగు బద్దలను ఆ పనికై ప్రత్యేకించుట ఎంతటి వ్యయము?

చివరకు చెప్పవలసినదే మొదట చెప్పవలసినది. ట్రక్కులో మనుష్యులు ఎక్కరాదు. అది సరకుల బండి. ట్రాక్టరుపై ఆసనము తోలువాని కొక్కటే. తొట్టిలో పట్టుకొన చోటు లేదు; ఒరిగినపుడు మనుష్యులు క్రిందను, సామాను మీదను, తొట్టి యన్నింటిమీదను పడును. అట్లు ఒరిగిన పెండ్లిబండిని మేమొకతడవ చూచితిమి. దానిని వర్ణింపము. ఆ కుటుంబమునకు బీమావారు, సరకుల బండిలో నెక్కినవారికి మేము పూచీ కాము, అని ప్రత్యుత్తరమిచ్చిరి. చట్టమును తిట్టి లాభము లేదు. చట్టము ముందుగానే చెప్పియున్నది.

ఇంటి పెద్దావిడకు మా మాట రుచింపలేదు. "ముప్పై ఏళ్లనుంచి ఇలాగే ఎళ్తన్నాం బాబూ. శుబమా అని ఎళ్తంటే ఈ మాటలేటి?" అనెను. ఆ ముప్పదియేండ్లలో ఇరువది ఎద్దుబండిమీద గడచినవనియు, ఎద్దు గోతిని చూచి తానే ఆగుననియు, ఇంజనునకు ఆ జ్ఞానము లేదనియు వృద్ధుడే మాకు బదులుగ చెప్పెను. ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట బస్సు టిక్కెట్టు ఎంతయని మనుమరాలి నడిగి, వ్రేళ్లమీద పదుమువ్వురకు లెక్క కట్టెను. రెండుమాఱులు కట్టెను.

"నా ఊరగాయ జాడీ బస్సులో పట్టనిస్తారా?"

"జాడీ ట్రక్కులో ఎల్తాది అమ్మా" అని కుమారుడు చెప్పెను. అప్పటికే వాడు పీపాను ఇరుసుమీదికి దొర్లించి త్రాటితో బిగించుచుండెను. తాత కఱ్ఱతో చూపుచుండెను. చీల, గొలుసు ఆ రాత్రియే బజారులో దొరకినవి. రెంటికిని కలిపి ఒక జాకెట్టుగుడ్డ వెల కాలేదు.

పూర్ణిమనాటి మధ్యాహ్నమునకు పదుమువ్వురును బస్సు దిగి వీధిలోనికి వచ్చిరి. ట్రక్కు ప్రొద్దు క్రుంకకముందే వచ్చినది. పీపా ఖాళీగా నుండెను.