గోడలోని చెమ్మ

మన కోనసీమలో నీటికి కొదువలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిననాటినుండి కాలువల నీటితోనే మన వరిచేలు, కొబ్బరితోటలు పచ్చగా ఉన్నాయి. ఆ నీరే ఇంటిగోడలో చేరితే మాత్రం కీడు.

రాజోలు దగ్గర మా ఇంట్లో స్నానాలగది ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. 78 ఏళ్ళ మా అత్తయ్యగారు గోడ పట్టుకునే పీటమీదనుండి లేస్తారు. ఒకనాడు ఆమె చేతికింద రెండు టైల్స్ ఊడిపడ్డాయి. దేవుని దయవలన ఆమె పడలేదు.

ఊడినచోట సిమెంటు పెట్టి అతికిస్తే ఒక్కపూట పని అన్నాడు మేస్త్రీ. మావారు సరేననబోయారు. "లోపలేముందో చూడకుండా మూయకురా" అన్నారు అత్తయ్యగారు. లేవీయకాండము 14వ అధ్యాయం గుర్తుచేశారు. గోడకు పొడ కనబడితే ఇల్లు ఏడు దినాలు మూసి, మళ్ళీ చూసి, చెడిన రాళ్ళు తీసి, గోడ గీకి, కొత్తగా పూయాలని అక్కడ ఉంది గదా!

మేమూ వారం రోజులు పెరట్లో తడిక కట్టుకుని స్నానాలు చేశాం. గది వాడకపోయినా కుళాయి చుట్టూ గోడ తడిగానే ఉంది. అంటే లోపలి గొట్టం కారుతోందన్నమాట. స్నానం చేసినప్పుడే తడిస్తే టైల్స్ అతుకులు చెడినట్టు. నేలనుండి పైకి చెమ్మ ఎక్కుతుంటే అది భూమిలోని నీరు. మూడింటికీ మందు వేరు.

పెచ్చులు కొట్టి చూస్తే ఇనుపగొట్టం వంపు దగ్గర తుప్పుపట్టి చిల్లిపడింది. గొట్టం మార్చి, గోడ మూయకముందే నీళ్ళు నింపి ఒక రాత్రంతా కనిపెట్టాం. పొడిగా రాలుతున్న ఇటుకలు మార్చి, ఉప్పును తీగబ్రష్షుతో గీకించాం. గోడ ఆరాక గోదావరి ఇసుకతో పూత వేయించాం. సముద్రపు ఇసుకలోని ఉప్పు చెమ్మను లాగుతుంది గనుక అది వద్దన్నాం. వారం రోజులు ఆ పూతను తడిపి, ఆరాక నీరు దిగనివ్వని మందు రెండుసార్లు పూయించాం. ఆపైనే టైల్స్. నీటిని టైల్స్ ఆపుతాయనుకుంటాం గాని, వాటి అతుకులు నీటిని పీలుస్తాయి. ఆపేది వెనుకనున్న పూతే. నేల వాటం తూమువైపు పెట్టించి, అత్తయ్యగారికోసం ఇటుకలోకి దిగేలా స్టీలు కమ్మీ బిగించాం.

ఒక్కపూట పని నెలరోజులైంది, ఖర్చు మూడింతలైంది. అయినా కమ్మీ పట్టుకుని ఆమె నిర్భయంగా లేస్తున్నారు.

ప్రియ పాఠకులారా, మీ స్నానాలగది గోడను ఈవేళే వేలితో తట్టి చూడండి. బోలుగా మోగితే, ఆ గోడను ఆనుకోవద్దని ముందుగా పెద్దలకు చెప్పండి. మేస్త్రీని ఆ తరువాత పిలవండి.