రెండో మార్కు

నా పరిశోధన తెలుగు నవలల్లో స్త్రీ పాత్రల మీద. మంచు మీద జారే ఆటకీ నాకూ ఏ సంబంధమూ లేదు. మా ఊళ్ళో మంచంటే రంపప్పొట్టులో దాచి అమ్మే ఐసుగడ్డే. అయినా మీడియా గురించి, స్త్రీల గురించి పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా కొన్నేళ్ళుగా నేను ఎంచుకుంటున్న ఉదాహరణ ఫిగర్ స్కేటింగ్. పిల్లలు నవ్వుతారు. "మన సీరియళ్ళున్నాయి కదా మేడమ్" అంటారు. ఉన్నాయి. కానీ రోజూ చూసేవాటిలో మూస కంటికి ఆనదు. మనది కాని ఆటలో అది స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంకో కారణం ఆ ఆటలో మార్కులు వేసే పద్ధతి. దశాబ్దాల పాటు ప్రతి న్యాయనిర్ణేతా ప్రతి క్రీడాకారిణికీ రెండు మార్కులు వేసేవారు. గరిష్ఠం 6.0. మొదటి మార్కు సాంకేతిక ప్రతిభకి. ఎన్ని జంప్‌లు చేసింది, అవెంత కష్టమైనవి, తూలకుండా దిగిందా అన్నది లెక్క. రెండో మార్కు కళాత్మకతకి. అంటే మొత్తం మీద ఎలా ఉంది అన్నది. ఫ్రీ స్కేటింగ్‌లో ఒక న్యాయనిర్ణేత లెక్కలో ఇద్దరి మొత్తం సమానమైతే రెండో మార్కు ఎవరికి ఎక్కువ ఉంటే వాళ్ళదే పైచేయి. పురుషులకీ ఇదే పద్ధతి, కాదనను. కానీ "ఎలా ఉంది" అనే ప్రశ్న ఆడదాని దగ్గరకొచ్చేసరికి ఎన్ని ప్రశ్నలుగా విడిపోతుందో మనకి తెలుసు. ఏం కట్టుకుంది, ఎలా నవ్వింది, ఎవరి పిల్ల, ఏ ఇంటి నుంచి వచ్చింది.

అసలు ఈ ఆటలోకి స్త్రీ రావడమే నిబంధనల్లోని ఖాళీలోంచి వచ్చింది. 1902లో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి ఇంగ్లండ్ నుంచి మ్యాడ్జ్ సయర్స్ పేరు ఇచ్చింది. స్త్రీలు పాల్గొనకూడదని ఎక్కడా రాసి లేదు. మగవాళ్ళతో పోటీపడి రెండో స్థానం తెచ్చుకుంది. వెంటనే అంతర్జాతీయ సమాఖ్య స్త్రీలని నిషేధించింది. పొడుగు గౌను వల్ల పాదాలు కనిపించవు, మార్కులు వెయ్యలేం అన్నది చెప్పిన కారణాల్లో ఒకటి. ఆ గౌను వేసుకోమన్నదీ వాళ్ళ సమాజమే! 1906లో స్త్రీలకి విడిగా పోటీ పెట్టారు. ఆ ఏడూ, మరుసటి ఏడూ సయర్సే గెలిచింది. 1908 లండన్ ఒలింపిక్స్‌లో స్వర్ణమూ ఆమెదే. అప్పుడు గౌను పొడుగని అభ్యంతరం. ఎనభై ఏళ్ళ తర్వాత, 1988లో, తూర్పు జర్మనీ క్రీడాకారిణి కతరీనా విట్ దుస్తులు మరీ పొట్టివని గొడవ చేసి, తుంటిని కప్పే స్కర్టు తప్పనిసరి చేశారు. 2004 దాకా ఆడవాళ్ళు ప్యాంటు వేసుకుని పోటీ చెయ్యడానికి వీల్లేదు. పొడుగైనా తప్పే, పొట్టైనా తప్పే.

ఇక 1994కి వద్దాం. జనవరి 6న డెట్రాయిట్‌లో అమెరికా జాతీయ పోటీలకి సాధన చేసి బయటికొస్తున్న నాన్సీ కెరిగన్ మోకాలి దగ్గర ఒకడు లాఠీతో కొట్టాడు. నేలమీద పడి "ఎందుకు?" అని ఏడుస్తున్న ఆమె దృశ్యాన్ని టీవీలు కొన్ని వారాల పాటు తిప్పి తిప్పి వేశాయి. కొట్టించింది ఆమెతో పోటీపడే టోన్యా హార్డింగ్ మాజీ భర్త, అతని స్నేహితుడైన ఆమె అంగరక్షకుడు. కొట్టినవాడు, కారు నడిపినవాడు మరో ఇద్దరు. నలుగురూ జైలుకెళ్ళారు. విచారణకి అడ్డుపడ్డానని హార్డింగ్ కోర్టులో నేరం ఒప్పుకుంది. ప్రొబేషన్, జరిమానా, సమాజ సేవ శిక్షగా పడ్డాయి. ఆ ఏడు గెలిచిన జాతీయ టైటిల్ తీసేసి, జీవితకాలం నిషేధించారు. ఏదో జరగబోతోందని తనకి అనిపించిందని 2018లో ఒక టీవీ ఇంటర్వ్యూలో ఆమే చెప్పింది. కాబట్టి ఆమెని అమాయకురాలిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. దెబ్బ తిన్నది కెరిగన్. ఆ బాధ నిజం.

నా ప్రశ్న వేరు. నలుగురు మగవాళ్ళు ప్లాను వేసి చేసిన నేరం ఇద్దరు ఆడవాళ్ళ జుట్టుపట్ల కథగా ఎలా మారింది? పత్రికల్లో మిగిలింది ఒక రాకుమారి, ఒక రౌడీ పిల్ల. మగవాళ్ళు కథలోంచి మెల్లగా జారుకున్నారు. ఆ మాజీ భర్త నుంచి తనని కాపాడమని హార్డింగ్ అంతకు ముందే కోర్టుకెళ్ళి రక్షణ ఉత్తర్వులు తెచ్చుకుందన్న సంగతి ఏ మూలో ఒక వాక్యంగా మిగిలింది. ఆమె సిగరెట్ తాగుతుంది, కార్లు బాగుచేస్తుంది, వేటకెళ్తుంది అన్నవి మాత్రం పతాక శీర్షికలకి పనికొచ్చాయి.

నవలలు చదివే నాకు ఈ జంట కొత్త కాదు. మన సినిమాల్లో సావిత్రి కన్నీళ్ళకి ఎదురుగా ఎప్పుడూ ఒక సూర్యకాంతం గొంతు ఉండాలి. ఒకరి మంచితనం నిలబడాలంటే ఇంకొకరి గయ్యాళితనం కావాలి. కానీ నన్ను ఆపేసిన సంగతి అది కాదు. ఇద్దరి తల్లిదండ్రుల గురించి చదివినప్పుడు ఆగిపోయాను.

హార్డింగ్ ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లండ్ పిల్ల. తల్లి హోటల్లో వడ్డించే పని చేసేది. కూతురి స్కేటింగ్ దుస్తులు ఆమే కుట్టేది. హార్డింగ్ సాధన చేసింది షాపింగ్ మాల్‌లో ఉన్న రింక్‌లో. ఇదంతా పత్రికలు రాశాయి, బోలెడంత రాశాయి. మరి రాకుమారి? కెరిగన్ తండ్రి వెల్డరు. కూతురి పాఠాల కోసం ఊళ్ళోని రింక్‌లో మంచు చదును చేసే బండి నడిపాడు. తల్లికి చూపు దాదాపు లేదు. టీవీ తెరకి ముఖం ఆనించి కూతురి ఆట చూసుకునేది. అంటే ఇద్దరూ కూలినాలి ఇళ్ళ పిల్లలే! పెట్టుబడి ఉన్నవాళ్ళకే అందే ఆటలోకి అమ్మానాన్నల రెక్కల కష్టం మీద వచ్చినవాళ్ళే.

మరి తేడా ఎక్కడ? కెరిగన్ దుస్తులు వీరా వాంగ్ తయారుచేసింది. హార్డింగ్ దుస్తుల మీద కుట్టు కనిపించేది. ఇంట్లో కుట్టిన గులాబిరంగు దుస్తులు చూసి ఒక న్యాయనిర్ణేత ఇంకెప్పుడూ అలాంటివి వేసుకురావద్దన్నారని హార్డింగ్ తర్వాత చెప్పుకుంది. శ్రమ ఇద్దరిదీ. ఒకరు దాన్ని కనపడకుండా చెయ్యగలిగారు, ఇంకొకరు చెయ్యలేకపోయారు. రెండో మార్కు నిజంగా కొలిచేది దీన్నేనని నాకనిపిస్తుంది. చెమటని ఎంత బాగా దాచావు? నీ వెనక ఉన్న పేదరికాన్ని ఎంత నాజూగ్గా మడిచి లోపల పెట్టావు?

మొదటి మార్కు దగ్గర హార్డింగ్‌తో ఎవరికీ పేచీ లేదు. యాక్సెల్ అనే జంప్‌కి ముందుకి చూస్తూ ఎగరాలి, అందుకే మూడు చుట్ల యాక్సెల్ అంటే గాల్లో మూడున్నర చుట్లు. 1991 ఫిబ్రవరిలో మిన్నియాపొలిస్‌లో జరిగిన జాతీయ పోటీల్లో హార్డింగ్ దాన్ని సాధించింది. పోటీలో ఆ పని చేసిన తొలి అమెరికన్ స్త్రీ ఆమే. ప్రపంచంలో ఆమెకి ముందు జపాన్‌కి చెందిన మిదోరి ఇతో ఒక్కతే. ఆ రోజు సాంకేతిక ప్రతిభకి పూర్తి 6.0 కూడా పడింది. ఆ మూడున్నర చుట్లలో ఆమె ఎవరి కూతురో తెలియదు. దిగాకే తెలుస్తుంది.

ఇది నేను ఊరికే అనడం లేదు. పీహెచ్‌డీ అయ్యాక ఒక ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళాను. నా పని గురించి అరగంట అడిగారు. చెప్పాను. చివర్లో వాళ్ళలో ఒకరు, ప్రేమగానే, "పరిశోధన చాలా బాగుందమ్మా. ప్రెజెంటేషన్ మీద కొంచెం శ్రద్ధ పెట్టాలి" అన్నారు. ప్రెజెంటేషన్ అంటే నా యాస. నా ఇంగ్లీషులో అక్కడక్కడా దొర్లే ఊరి ఉచ్చారణ. మా అమ్మ కుట్టిన జాకెట్టు. అమ్మ వీధిలో అందరికీ జాకెట్లు కుట్టి నన్ను చదివించింది. ఉద్యోగం రాలేదు. ఎందుకు రాలేదో కాగితం మీద ఎక్కడా ఉండదు. స్కేటింగ్‌లో రెండో మార్కు కూడా 6.0 వ్యవస్థలో ఆ పేరుతోనే ముగిసిందని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. కళాత్మకత అన్న మాట తీసేసి 'ప్రెజెంటేషన్' అని పెట్టారట. ఆ పూట నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వర్గం దగ్గరే ఆగితే కథ సగమే. ఫ్రాన్స్‌కి చెందిన సూర్యా బొనాలీ నల్లజాతి పిల్ల. 1993, 94, 95 మూడేళ్ళూ ప్రపంచ పోటీల్లో రజతం దగ్గరే ఆగింది. ఆమె గురించి వ్యాఖ్యాతలు ఎప్పుడూ బలం, కండ అనేవారు తప్ప సౌందర్యం అనేవారు కాదు. నీస్ నగరంలో పుట్టిన పిల్లని ఎక్కడో దూరపు రేయూనియన్ దీవిలో పుట్టిందని మొదట్లో పత్రికలు రాశాయి. కథకి రంగు కావాలి కదా! 1994లో జపాన్‌లో ఒక్క న్యాయనిర్ణేత తేడాతో స్వర్ణం పోయినప్పుడు ఆమె ఏడుస్తూ, పతకాల మెట్టు ఎక్కనని నిలబడింది. మెడలో వేసిన పతకం తీసేసింది. జనం గేలిచేశారు. 1998 నగానోలో, గాయంతో, ఎలాగూ గెలవనని తెలిసి, నిషేధంలో ఉన్న బ్యాక్‌ఫ్లిప్ వేసి ఒంటికాలి మీద దిగింది. మార్కులు తగ్గాయి. 2024లో సమాఖ్య ఆ నిషేధాన్ని ఎత్తేసింది. ఆమె దిగిన ఇరవయ్యారేళ్ళకి.

అదే నగానోలో తారా లిపిన్‌స్కీ గెలిచింది, మిషెల్ క్వాన్ రెండో స్థానంలో నిలిచింది. ఇద్దరూ అమెరికాలో పుట్టినవాళ్ళే. ఒక పెద్ద వార్తాసంస్థ మాత్రం అమెరికన్ క్వాన్‌ని ఓడించిందని శీర్షిక పెట్టి, తర్వాత క్షమాపణ చెప్పుకుంది. 2002లో ఇంకో పత్రికలో దాదాపు అదే శీర్షిక మళ్ళీ వచ్చింది.

రాకుమారి మాటేమిటి? 1994 లిల్‌హామర్ ఒలింపిక్స్‌లో హార్డింగ్ ఎనిమిదో స్థానంలో మిగిలింది. కెరిగన్‌కి స్వర్ణం వెంట్రుకవాసిలో తప్పింది. ఉక్రెయిన్ నుంచి వచ్చిన పదహారేళ్ళ ఒక్సానా బయుల్‌కి అయిదుగురు, కెరిగన్‌కి నలుగురు. ఆ అయిదుగురిలో ఒకరి లెక్కలో ఇద్దరి మొత్తం సమానం. అక్కడ తేల్చింది రెండో మార్కే. తర్వాత కొద్దిరోజులకి డిస్నీ ఊరేగింపులో కూర్చుని, ఇదంతా చాలా చవకబారుగా ఉందని కెరిగన్ గొణుక్కున్న మాట మైకుకి చిక్కింది. అంతే, నిన్నటిదాకా నెత్తిన పెట్టుకున్న పత్రికలే గర్విష్ఠి అన్నాయి. రాకుమారికి విసుగు రాకూడదు. వస్తే ఆ కిరీటం లాక్కోవడానికి ఒక్క పూట చాలు. కాబట్టి ఈ ఆటలో గెలిచిన స్త్రీ కూడా కౌలుకే ఉంటుంది, హక్కు రాదు.

2017లో 'ఐ, టోన్యా' సినిమా వచ్చింది. తల్లి పాత్ర వేసిన ఆలిసన్ జానీకి ఆస్కార్ దక్కింది. హార్డింగ్ మీద జాలి మొదలైంది. నాకు సంతోషమే కానీ అనుమానమూ ఉంది. అందులో మొగుడి దెబ్బల మీద కూడా నవ్వులున్నాయి. సర్వర్ పని చేసి కూతుర్ని రింక్‌కి పంపిన తల్లి చివరికి ఒక వికృత హాస్యపాత్రగా మిగిలింది. కూతుర్ని కొట్టేదని హార్డింగ్ చెప్పింది, దాన్ని నేను తక్కువ చెయ్యను. అయినా ఆ కుట్టు మిషను ముందు కూర్చున్న రాత్రుల్ని ఎవరు చూపించారు? రౌడీ పిల్లని క్షమించాలంటే రాక్షసి తల్లి కావలసి వచ్చింది. మూస మారలేదు, అందులో పోసే మనిషి మారింది.

2004లో 6.0 పద్ధతి పోయి పాయింట్ల పద్ధతి వచ్చింది. అందులోనూ ప్రెజెంటేషన్‌కి విడిగా పాయింట్లున్నాయి. 2021లో స్త్రీల విభాగం పేరు 'లేడీస్' నుంచి 'విమెన్'గా మారింది. 2022 బీజింగ్‌లో పదిహేనేళ్ళ కమిలా వాలియెవా డోపింగ్ గొడవలో ప్రపంచం ముందు కుప్పకూలాక, పెద్దల పోటీలకి కనీస వయసు పదిహేడుకి పెంచారు. ఇవి మంచి మార్పులే. పేరు మారడం చిన్న విషయం కూడా కాదు. 'లేడీ' అన్న మాటలోనే వర్గం ఉంది. ఆ మాట నూరేళ్ళకి పైగా గుమ్మం దగ్గర నిలబడి ఎవరిని లోపలికి రానివ్వాలో చూసింది.

మనం స్త్రీల గురించి రాసేటప్పుడు, అది ఆటైనా సాహిత్యమైనా, ప్రతిభనీ సౌందర్యాన్నీ బేరీజు వేస్తాం. రచనలో 'శిల్పం లోపించింది' అని మనమే ఎంతమందికి రెండో మార్కు తగ్గించి ఉంటాం? తగ్గించే ముందు ఆ దుస్తులు ఎవరు కుట్టారో, మంచు చదును చేసే బండి ఎవరు నడిపారో, ఆ ఖర్చు ఏ ఇంట్లో ఎవరి తిండిలోంచి వచ్చిందో అడుగుదాం. జవాబు దొరికితే దాన్ని అధోజ్ఞాపికలో కాదు, అసలు వాక్యంలోనే రాద్దాం.