బలరాం ఆడిన రంగుల కోసం కోల్‌కతాకి

ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో హౌరా చేరేసరికి సాయంత్రమైంది. స్టేషన్‌ నుంచి నేరుగా మెట్రో ఎక్కాను. 2024లో మొదలైన ఈ మార్గం హుగ్లీ నది కిందుగా వెళ్ళి ఎస్ప్లనేడ్‌లో దించుతుంది. రైలు నది అడుగున ఉన్నంతసేపూ సొరంగం గోడల మీద నీలం దీపాలు వెలుగుతాయి. పిల్లలు అద్దాలకు అతుక్కుపోయారు. ఆఫీసు నుంచి ఇళ్ళకు పోయేవాళ్ళు కూడా ఫోన్లలోంచి తలెత్తి ఓసారి చూసి మళ్ళీ దించుకున్నారు. మన హైదరాబాద్ మెట్రో ఊరి నెత్తి మీద పోతే, ఇది ఏటి కడుపులోంచి పోతుంది. మీరు వెళ్తే టాక్సీ జోలికి పోకుండా ఇదే ఎక్కండి.

నేను వెళ్ళింది పాత ఫుట్‌బాల్ జెర్సీల కోసం. వాటిని పోగుచేసే పిచ్చి నాకు కాలేజీ రోజుల నుంచీ ఉంది. ఇంగ్లండ్, ఇటలీ క్లబ్బుల జెర్సీలైతే ఇంట్లో కూర్చుని డబ్బు కడితే పార్సిల్‌లో వస్తాయి. మన దేశపు క్లబ్బులవి అలా రావు. మనిషి వెళ్ళాలి, అడగాలి, టీ తాగాలి, మళ్ళీ అడగాలి. మర్నాడు పొద్దున్నే హైదరాబాద్ ఎఫ్‌సీ పసుపు జెర్సీ తొడుక్కుని బయల్దేరాను. 2022లో ఐఎస్‌ఎల్ కప్పు గెలిచిన టీముది అది.

ఎస్ప్లనేడ్ పక్కనే ఉంది బిధాన్ మార్కెట్. అందరూ మైదాన్ మార్కెట్ అంటారు, మీరూ అలాగే అడగండి. సందులు ఎంత ఇరుకంటే, రెండు వైపులా వేలాడే జెర్సీలు నెత్తి మీద కలిసిపోయి పైన ఆకాశం కనబడదు. మన సుల్తాన్ బజార్‌లో చీరల స్థానంలో జెర్సీలు పెడితే ఇలాగే ఉంటుందేమో. ఒక సందులో అన్నీ షీల్డులూ కప్పులూ, ఇంకోదాంట్లో క్యారమ్ బోర్డులు, మరోదాంట్లో గోల్‌పోస్టుల వలలు. ఎటు తిరిగినా అదే కప్పుల కొట్టు ముందు తేలుతున్నాను. ఆ కొట్టు కుర్రాడికి నా మొహం గుర్తుండిపోయి, చివరికి తనే కొట్టు వదిలి వచ్చి దారి చూపించాడు.

పాతవి కావాలంటే చాలా కొట్లవాళ్ళు నవ్వి, మెస్సీ పేరున్న కొత్తది చూపించారు. ఒకాయన మాత్రం కాసేపు నా జెర్సీకేసి చూసి, కుర్చీ లాగి కూర్చోమన్నాడు. జెర్సీల మీద నంబర్లు వేసే చిన్న కొట్టు అది. ఆయనకు డెబ్భై దాటి ఉంటాయి.

"హైదరాబాదా? మా హబీబ్‌దా ఊరు!" అన్నాడు హిందీలో.

నా జెర్సీ చూసి మొదట హబీబ్ పేరెత్తిన మనిషి ఆయనే. ఆ తర్వాత ట్రాముల దగ్గరా, టీ బడ్డీల దగ్గరా, మెట్రోలోనూ అదే మాట మళ్ళీ మళ్ళీ విన్నాను. మహమ్మద్ హబీబ్ ఇక్కడి మూడు పెద్ద క్లబ్బులకూ ఆడాడు. బెంగాలీలు ఆయన్ని బొరో మియా అనీ, తమ్ముడు అక్బర్‌ని ఛోటో మియా అనీ పిలుచుకున్నారు. 1977 సెప్టెంబర్ 24న పీలే తన కాస్మోస్ టీముతో ఈడెన్ గార్డెన్స్‌కి వస్తే, మోహన్ బగాన్ క్లబ్బు 2-2తో నిలబడింది. అందులో ఒక గోల్ హబీబ్‌ది. ఆయన 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే పోయారు. మన ఊరి వీధుల్లో ఆ మనిషి నడిచి వెళ్తుంటే ఎంతమంది గుర్తుపట్టి ఉంటారు? నాకు ఆ కొట్లో కూర్చున్నంతసేపూ ఇదే బాధ.

పెద్దాయన బల్ల కింది నుంచి ఒక గుడ్డ మూట తీశాడు. అందులో ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పొడుగు చేతుల జెర్సీ, సగం ఎరుపు, సగం పసుపు. ఎరుపు వెలిసి ఇటుక రంగుకు తిరిగింది. పసుపు మాత్రం గట్టిగానే ఉంది. వీపు మీద నంబరు తెల్లగుడ్డ కత్తిరించి మిషన్ మీద కుట్టింది. నేను నంబరే చూస్తుంటే ఆయన జెర్సీని తిరగేశాడు. "బయట కాదు, లోపల చూడాలి." లోపల కుట్టు దారం గడులు గడులుగా కనబడింది. చంక దగ్గర చిరిగితే వేరే పసుపు దారంతో రఫూ చేశారు. ఆ రోజుల్లో చిరిగినదాన్ని పారేసేవాళ్ళు కాదట, కుట్టి మళ్ళీ మైదానంలోకి పంపేవాళ్ళట. నకిలీ చేసేవాడు నంబరు కుడతాడు గానీ ఇంత ఓపిగ్గా రఫూ చెయ్యడని ఆయన తీర్పు. మీరు కొనేటప్పుడు కూడా ముందు తిరగేసి చూడండి.

అమ్ముతారా అని అడిగాను. అమ్మనన్నాడు. చూపించడానికే తీశాడట.

ఆ ఎరుపు పసుపులు ఎలా వచ్చాయో కూడా ఆయనే చెప్పాడు. 1920 జులై 28న మోహన్ బగాన్‌తో మ్యాచ్‌కి జొరాబగాన్ క్లబ్బు శైలేష్ బోస్ అనే ఆటగాణ్ణి పక్కన పెట్టింది. ఆ క్లబ్బు ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురికి కారణం కూడా చెప్పలేదు. ఆయన బయటికొచ్చి, ఆగస్టు 1న మరికొందరితో కలిసి ఈస్ట్ బెంగాల్ పెట్టారు. చౌరంగీలో వైట్‌వే లైడ్‌లా అనే తెల్లవాళ్ళ పెద్ద దుకాణంలో వేలాడుతున్న ఎరుపు, బంగారు రంగుల జెర్సీ వాళ్ళ కంటబడింది. ధర 80 రూపాయలట. ఆ భవనం ఇప్పటికీ ఉంది. గుమ్మటం, గడియారంతో ఎస్ప్లనేడ్ మలుపులోనే కనిపిస్తుంది. నేను దాని కింద నిలబడి చాలాసేపు చూశాను. ఒక దుకాణంలో కంటికి నచ్చిన చొక్కా వందేళ్ళ తర్వాత కూడా లక్షల మంది ఒంటి మీద ఉంది!

మధ్యాహ్నం డేకర్స్ లేన్‌లో చిత్తబాబు కొట్టులో స్టూ, రొట్టె తిన్నాను. పల్చటి చికెన్ రసం, అందులో బొప్పాయి ముక్క, పైన మిరియాల పొడి. మిరపకాయ జాడే లేదు. మన నాలుకకి మొదట ఇది జ్వరం వచ్చినవాళ్ళ పథ్యంలా అనిపిస్తుంది. నాలుగో చెంచాకి అర్థమవుతుంది ఎందుకు జనం నిలబడి మరీ తింటున్నారో.

అక్కణ్ణించి మైదాన్‌లోకి నడిచి వెళ్ళొచ్చు. నేల సైన్యానిది కావడంతో పక్కా భవనాలు కట్టకూడదు. అందుకే ఇంత పెద్ద క్లబ్బులకూ ఉన్నది టెంట్లే. మోహన్ బగాన్ టెంట్ ముందు పచ్చిక, బెంచీలు, పేపరు చదువుకునే ముసలివాళ్ళు. 1911 జులై 29న ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని 2-1తో ఓడించిన టీము వీళ్ళదే. పదకొండు మందిలో పదిమంది కాళ్ళకు బూట్లు లేవు. ఆకుపచ్చ, మెరూన్ అంటే ఇక్కడివాళ్ళకు ఆ రోజే. 2020లో ఏటీకే అనే మరో క్లబ్బుతో కలిశాక తమ క్లబ్బు పేరు ముందు ఆ పేరు చేరితే అభిమానులు ఊరుకోలేదు. అది పోయేదాకా, అంటే 2023 దాకా, పోరాడారు.

నాకు చివరికి దొరికింది 1998 తర్వాతి కింగ్‌ఫిషర్ ఈస్ట్ బెంగాల్ జెర్సీ. అప్పట్లో మోహన్ బగాన్ ఛాతీ మీద మెక్‌డోవెల్ పేరు ఉండేది. రెండూ ఒకే కంపెనీవి! స్టాండ్లలో తలలు పగలగొట్టుకునే రెండు వర్గాల చొక్కాల వెనకా ఉన్న జేబు ఒకటే. ఆ సాయంత్రం నేను దిగిన ఇంటావిడ దాన్ని చూసి, "అయ్యో, ముందే చెప్తే ఇలిష్ వండేదాన్ని" అన్నారు. ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు, ఇక్కడి లెక్క అది. ఇలిష్ అంటే మన గోదావరి పులసే. ఆవిడ దాన్ని ఆవపిండి వేసి వండుతారట. మనం బెండకాయలు, చింతపండు పులుసు వేస్తామని చెబితే నమ్మలేనట్టు చూశారు.

రైలెక్కే ముందు పెద్దాయన దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి మాటంతా తులసీదాస్ బలరాం గురించి. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన కుర్రాడు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చిన టీములో ఆడాడు, 1960 రోమ్‌లో హంగేరీ మీద గోల్ కొట్టాడు, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చాడు. 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్. ఆట మానేశాక కూడా ఈ నది ఒడ్డునే ఉత్తర్‌పాడాలో ఉండిపోయాడు, 2023లో పోయేదాకా. "మీరు మాకిచ్చేశారు, మేం ఉంచుకున్నాం" అన్నాడు పెద్దాయన.

తర్వాత ఒక కోరిక కోరాడు. రహీం సాబ్ కోచ్‌గా 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు రోవర్స్ కప్ గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీము జెర్సీ ఒక్కటి దొరికితే, ఆ ఈస్ట్ బెంగాల్ పొడుగు చేతులది నాకు ఇచ్చేస్తానన్నాడు. అప్పట్నుంచీ వెతుకుతున్నాను. మీ తాతగారి ట్రంకుపెట్టెలో అలాంటిదేమైనా ఉంటే, చిరుగులున్నా సరే, పారేయకండి. దాంతో మైదాన్ మార్కెట్‌కి వెళ్ళి, నంబర్లు వేసే పెద్దాయన ఎక్కడని అడగండి. కప్పుల కొట్టు కుర్రాడు దారి చూపిస్తాడు.