ఏ పని ముందు?

తెనాలినుండి బాపట్లకును, రేపల్లెకును బోవు దారులలో వరిచేలును బియ్యపు మిల్లులును గలవు. అట్టి యొక మిల్లులో గింజలను రంగునుబట్టి యేరు యంత్రమును మేము చూచితిమి. జారుచున్న బియ్యమును కెమెరా చూచును. నల్లగింజ కనబడినంతనే గాలివిసురు దానిని ప్రక్కకు నెట్టును. నడుమ వ్యవధి సెకనులో కొన్ని వేయవవంతులే. తెరపై అంకెలు చూపుటయు దాని పనియే. అంకె క్షణమాలస్యమైన నష్టములేదు. గాలి యాలస్యమైనచో నల్లగింజ మన కంచములోనికి వచ్చును. కావున ఏ పని ముందో మనుష్యుడే యేర్పరుపవలెను.

తక్కువ వ్యవధిలో మరల మరల చేయవలసిన పనికే యగ్రస్థాన మిమ్మని 1973లో లియు, లేలండ్ అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. అనగా విలువను బట్టి కాదు, గడువును బట్టి! సోదరీమణులారా, పొయ్యిమీద పాలు పొంగుచుండ పట్టుచీర మడతపెట్టుచు గూర్చుందుమా? చీర వెల యెక్కువయే గదా!

అయినను చిక్కొకటి గలదు. 1997లో కుజగ్రహముపై దిగిన పాత్‌ఫైండర్‌లో, పెద్దపనికి గావలసిన వస్తువును చిన్నపని యొకటి పట్టుకొనియుండగా, నడిమిపనులు దానిని ముగియనీయలేదు. యంత్రము మాటిమాటికి ఆగి మొదటికి వచ్చెను. ఇంజనీర్లు భూమినుండియే సరిదిద్దిరి: వస్తువును విడుచువరకు ఆ చిన్నపనికి పెద్దపని హోదాయే చెల్లును.

మా యిండ్లలో నున్న పట్టుకారు ఒక్కటి. అది కోడలి చేత నుండును. ఆమెను నీళ్లకని యొకరు, తలుపుతీయుమని యొకరు పిలుతురు. పాలు పొంగిన మాటపడునది మాత్ర మామెయే.